పోయే మోడలా, వచ్చే మోడలా?

 కార్ల మాట మాట్లాడుకుందాం. కోట్ల ఖరీదు కార్లు మనకెందుకు గానీ, మా నెల్లూరు వైపు కావలి బజార్లోనూ బోగోలు సందుల్లోనూ రోజూ ఎదురయ్యే కార్ల సంగతి చెప్తా.

కంపెనీ ఒక మోడల్‌ని మార్చబోతోందంటే, షోరూముల్లో రెండు మూడు నెలలు అదో రకం కాలం నడుస్తుంది. పాత మోడల్ యార్డులో మిగిలి ఉంటుంది, దాన్ని ఎంత తొందరగా వదిలించుకుందామా అని వాళ్ళ ఆత్రం. కొత్తది ఇంకా రాలేదు, వచ్చినా బుకింగు కట్టి ఎదురుచూడాలి. సరిగ్గా ఆ సందులో మనకు ఫోను వస్తుంది. చివరి స్టాకు సార్, ఇంత తగ్గిస్తాం, ఎల్లుండే డెలివరీ అంటారు. అక్కడ మొదలవుతుంది ఇంట్లో పంచాయితీ.

2024 దీపావళి ముందు జువ్వలదిన్నెలో మా మేనల్లుడికి అట్లాంటి ఫోనే వచ్చింది. వాడిది రొయ్యల మేత వ్యాపారం. గుంటల గట్ల మీద తిరగడానికి మోటారు సైకిలుంది. కానీ బిట్రగుంట మీదుగా హైవే ఎక్కి అటు కావలి, ఒంగోలు, ఇటు నెల్లూరు వారానికి నాలుగైదుసార్లు పోవాలి. ఇద్దరు చిన్నపిల్లలు, కాళ్ళ నొప్పులతో మా అక్క. డిక్కీ ఉన్న కారే కావాలని మారుతి డిజైరు మీద మనసు పడ్డాడు. పాత డిజైరు మీద నలభై వేల దాకా తగ్గిస్తామన్నారట.

"ఎట్టా చూసినా లాభమే గదా మామా? అదే పేరు, అదే కంపెనీ. ముందర జాలీ ఒకటి మారుస్తుండారు, అంతే గదా" అన్నాడు.

ఆ "జాలీ ఒకటి మారుస్తుండారు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయా. ఎందుకంటే అది వాడి ఒక్కడి మాట కాదు. మా నాన్నల తరం నుంచి మనకు అలవాటైన లెక్క అది. అంబాసిడర్ 1950ల చివర్లో వచ్చింది, 2014లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారీ ఆగింది. ఆ మధ్యలో మార్క్ టూ అన్నారు, మార్క్ త్రీ అన్నారు, మార్క్ ఫోర్ అన్నారు. ఇంజన్లు మారాయి, ముందు జాలీ మారింది, దీపాలు మారాయి. పైనున్న ఆ గుండ్రటి బాడీ మాత్రం ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అన్న కారుకు గీసినదే. కారు కావాలంటే ఏళ్ళ తరబడి వరసలో నిలబడాల్సిన ఆ రోజుల్లో పాతదా కొత్తదా అని ఎంచుకునే అవకాశమే లేదు. వచ్చింది తీసుకోవడమే. అందుకే కొత్త మోడల్ అంటే కొత్త ముఖం అనే మాట మన బుర్రల్లో స్థిరపడిపోయింది. అందులో సగం నిజం ఇప్పటికీ ఉంది కూడా. మూడేళ్ళకో నాలుగేళ్ళకో కంపెనీలు చేసే మార్పులు చాలావరకు బంపరు, దీపాలు, లోపల టీవీ లాంటి తెర, అంతవరకే. దాన్ని ఫేస్‌లిఫ్ట్ అంటారు. 2019 నుంచి మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్‌కు 2023లో జరిగింది ఆ రకం మార్పే. బాడీ, ఛాసిస్ అవే ఉండి ముఖం మాత్రం మారేటప్పుడు, పాత స్టాకు మీద మంచి తగ్గింపు దొరికితే నేనైతే కళ్ళు మూసుకుని పాతదే తీసుకోమంటాను.

కానీ డిజైరు విషయం వేరు. ఆ నవంబరు 11న వచ్చినది నాలుగో తరం. 2008లో అదే కంపెనీ స్విఫ్ట్‌కు డిక్కీ అతికించినట్టు వచ్చింది మొదటిది. 2012లో రెండోది, 2017లో మూడోది. మావాడికి తగ్గిస్తామన్నది ఈ మూడోదాన్ని.

కొత్తది వచ్చాక ఈ రెంటిమధ్య ఏం మారిందో కూర్చుని వాడితో లెక్కేశా. ముందు వాడికి నచ్చని మార్పుతోనే మొదలెట్టా. పాతదాంట్లో నాలుగు సిలిండర్ల ఇంజను, 90 గుర్రాల బలం. కొత్తదాంట్లో మూడు సిలిండర్లు, 82కు అటూ ఇటూ. రెండూ 1197 సీసీయే. ఒక సిలిండరు తగ్గిందంటే మనవాళ్ళకు ఏదో దోచుకున్నట్టుంటుంది. ఆ బాధలో అర్థం లేకపోలేదు. నాలుగు సిలిండర్ల ఇంజను సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నడుస్తోందా లేదా అన్నట్టుంటుంది. మూడు సిలిండర్లది అరికాళ్ళకు కొద్దిగా అదురు చెప్తుంది. స్టీరింగు పట్టుకున్న చేతికి పాత ఇంజనే హాయి, అది నేను ఒప్పుకుంటాను. ఆ ఇంజను పోవడం నాకూ కష్టంగానే ఉంది. అయితే ఒక సిలిండరు తగ్గితే లోపల రాపిడి తగ్గుతుంది, అది తగ్గిన కొద్దీ మైలేజి పెరుగుతుంది. కంపెనీ లెక్కల ప్రకారం గేర్ల బండి పాతది లీటరుకు 22.41 కిలోమీటర్లు, కొత్తది 24.79. మావాడు ఏడాదికి తక్కువలో తక్కువ పదిహేను వేల కిలోమీటర్లు తిరుగుతాడు. తేడా అరవై నాలుగు లీటర్లు. మన రాష్ట్రంలో పెట్రోలు లీటరు 110 రూపాయలనుకుంటే ఏడు వేలు. ఆరేళ్ళు నడిపితే వాళ్ళు తగ్గిస్తామన్న నలభై వేలూ బంకులోనే తిరిగొస్తాయి. రోడ్డు మీద ఆ అంకెలు అట్లాగే రావు, నిజమే. రెండింటికీ ఒకే తీరున తగ్గుతాయి కాబట్టి తేడా మాత్రం నిలుస్తుంది.

"అయితే ఇంజను పోయింది, మైలేజి వచ్చింది. చెల్లుకు చెల్లు" అన్నాడు వాడు.

చెల్లు కాదురా అబ్బయ్యా, అసలు మాట ఇంకా చెప్పలేదు అన్నా.

ఆ అసలు మాట గురించి మీతో కాస్త నిదానంగా మాట్లాడాలి. కారు గుద్దుకున్నప్పుడు లోపలివాళ్ళు బతుకుతారా లేదా చూడ్డానికి గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు కార్లను 2014 నుంచి పరీక్షిస్తూ వచ్చింది. కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఒక అడ్డుగోడకు గుద్దిస్తారు. ముఖమంతా తగలనివ్వరు, డ్రైవరు వైపున నలభై శాతమే తగులుతుంది. ఎందుకలాగంటే, మన ఊరి ఒంటి రోడ్ల మీద ఎదురుబండ్లు తప్పుకోబోయి గుద్దుకునేది అచ్చంగా అట్లాగే. ముందు భాగం సగమే దెబ్బ తింటే బలమంతా ఆ ఒక్క మూల మీద పడుతుంది. అప్పుడు తలుపు పక్కనున్న స్తంభం వంగిందా, కాళ్ళ దగ్గర నేల చీలిందా, డ్యాష్‌బోర్డు మోకాళ్ళ మీదకు వచ్చిందా చూసి మార్కులు వేస్తారు.

ఈ పరీక్షలో స్విఫ్ట్‌కు 2018లో రెండు నక్షత్రాలొచ్చాయి. 2022లో పరీక్షను కఠినం చేశాక అదే స్విఫ్ట్‌కు ఒక్కటే వచ్చింది, బాడీ షెల్లు నిలకడగా లేదన్నారు. అదే ప్లాట్‌ఫామ్ మీద కట్టిన మూడో తరం డిజైరు కూడా రెండు నక్షత్రాలు దాటలేదు. ఇక నాలుగో తరం డిజైరును కంపెనీయే స్వయంగా పరీక్షకు పంపింది. పెద్దవాళ్ళ రక్షణలో 34కు 31.24 మార్కులు, ఐదు నక్షత్రాలు. పిల్లల రక్షణలో నాలుగు. మారుతి కారుకు అక్కడ ఐదు నక్షత్రాలు రావడం అదే మొదటిసారి.

ఐదులోంచి రెండు తీసేస్తే మూడు అని లెక్కపెట్టకండి. పాత పరీక్షలో పెద్దవాళ్ళ రక్షణకు మార్కులు ముందు నుంచి గుద్దినదానికే వేసేవాళ్ళు. ఇప్పుడు ఐదు నక్షత్రాలు రావాలంటే పక్క నుంచి గుద్దినా, కరెంటు స్తంభం లాంటిదానికి పక్కవాటుగా తగిలినా, లోపలివాళ్ళ తలకాయ భద్రంగా ఉండాలి. కఠినమైన పరీక్షలో వచ్చిన ఐదుకూ, తేలికపాటి పరీక్షలో వచ్చిన రెంటికీ మధ్య దూరం ఆ అంకెల్లో కనిపించేదానికంటే ఎక్కువ. పాతదాంట్లో గాలిసంచులు రెండు, ముందు కూర్చున్నవాళ్ళకే. కొత్తదాంట్లో అన్ని రకాల్లోనూ ఆరు. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చునే మా అక్క తలకు అడ్డంగా దిగే పరదా సంచి కూడా అందులో ఒకటి.

మన హైవే మీకు తెలియంది కాదు. కావలి నుంచి నెల్లూరు దాకా బైపాసుల్లో బండ్లు నూరు దాటి పోతుంటాయి. డివైడరు సందు దొరికిన చోటల్లా ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. రాంగ్ రూటులో గడ్డి లారీ దీపాల్లేకుండా వస్తుంది. 64 కిలోమీటర్ల దగ్గర పరీక్ష పెడితేనే ఆ తేడా వస్తే, వేగం పెరిగిన కొద్దీ దెబ్బ ఎట్లా పెరుగుతుందో చూడండి. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. ఏ కారైనా నూటిరవై దగ్గర మనల్ని కాపాడుతుందని నేను చెప్పను. అరవై డెబ్బై దగ్గర జరిగే ప్రమాదాలున్నాయి చూడండి, బ్రేకు వేసి వేసి చివర్లో గుద్దేవి, వాటిలో మనిషి ఇంటికి నడిచి వస్తాడా, మోసుకొస్తారా అన్నది ఆ బాడీ షెల్లు తేలుస్తుంది.

వాడికి ఇది అంకెల్లో చెప్తే ఎక్కలేదు. బోటు భాషలో చెప్పా. 2004 డిసెంబరు సునామీ తర్వాత మా తీరం వెంట కొయ్య తెప్పలు పోయి ఫైబరు బోట్లు విరివిగా వచ్చాయి. పట్టపుపాలెంలో పెద్దలు బోటు ఎంచేటప్పుడు అణియం మీద రంగులూ బొమ్మలూ చూసి బేరం ఆడరు. వంగి అడుగు తడతారు, పక్కబల్లలు నొక్కుతారు, అల కొట్టే చోట మందం ఎంతుందో అడుగుతారు. కారు కొనేటప్పుడు కూడా చూడాల్సింది ఆ చోటేరా అన్నా. అది వాడికి పట్టింది.

"మరి నలభై వేలు?" అన్నాడు, అయినా మనసు గుంజుతూనే ఉంది.

ఆ నలభై వేలలో నిజంగా మిగిలేదెంతో కూడా చూద్దాం రండి. యార్డులో ఎండకూ వానకూ నిలబడిన బండికి తయారైన నెల ఒకటుంటుంది. అది ఆర్‌సీలో పడుతుంది. మీరు డిసెంబరులో కొన్నా, అది జూన్‌లో తయారైతే సెకండ్స్‌లో అమ్మేనాటికి ఆ తేదీనే అడుగుతారు. మోడలే పోయిందంటే బ్రోకరు ఇంకో మెట్టు దించుతాడు. టైరు పక్క మీద నాలుగంకెలుంటాయి, 2224 అని ఉంటే 2024లో ఇరవై రెండో వారంలో తయారైందని. నెలల తరబడి కదలకుండా నిలబడితే బ్యాటరీ నీరసపడుతుంది. పాత స్టాకు తీసుకునేవాళ్ళు ఈ మూడూ చూసుకోందే డబ్బు కట్టొద్దు. పదిహేనేళ్ళు ఒకే కారు వాడే ఇల్లయితే రీసేలు గురించి దిగులక్కర్లేదు, అది వేరే మాట. స్పేర్ల సంగతి కూడా భయం లేదు. డిజైరు సామాను పదేళ్ళ తర్వాతైనా కావలిలో దొరుకుతుంది, అన్ని బండ్లు రోడ్డు మీదున్నాయి. ఆ భయం దేశం విడిచిపోయే కంపెనీల దగ్గర ఉండాలి. జనరల్ మోటార్స్ 2017 ఆఖరుతో షెవ్రొలే అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నానని 2021లో చెప్పింది. ఆ చివరి నెలల్లో వచ్చిన తగ్గింపులు చూసి కొన్నవాళ్ళకు సర్వీసు సెంటరు కోసం ఊళ్ళు దాటాల్సి రావడం మీరూ చూసే ఉంటారు.

ఇంతసేపూ కొత్తదాని వైపు మాట్లాడా గదా, కొత్తదల్లా మనకోసం గీసిందే అనుకోకండి. ఇదే డిజైరు 2012లో మారినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకు అప్పట్లో ఎక్సైజు పన్ను తక్కువ. మొదటి డిజైరు 4160 మిల్లీమీటర్ల పొడవు. ఆ పన్ను గీత లోపలికి దూర్చడానికి రెండోదాన్ని 3995కు కురచ చేశారు. కోసిందెక్కడ? డిక్కీలో. 440 లీటర్ల డిక్కీ కాస్తా 316 అయింది. తిరుపతి పోయే కుటుంబానికి ఒక సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది ఎవరైనా సామాను మోసే మనిషి నన్నడిగి ఉంటే మిగిలిన పాతదాన్నే చూసుకోమని చెప్పేవాణ్ణి.

ఇన్నోవా సంగతి ఇంకా తమాషా. క్వాలిస్ మంచి గిరాకీలో ఉండగానే ఆపేసి టయోటా 2005లో ఇన్నోవా తెచ్చింది. జనం ఏడ్చారు, ఏడాదిలో మర్చిపోయారు. 2016లో క్రిస్టా వచ్చింది. 2022 చివర్లో హైక్రాస్ వచ్చింది, అదేమో ముందు చక్రాలు లాగేది, కింద విడి ఛాసిస్ లేనిది, అందులో పెట్రోలు, బ్యాటరీ రెండూ కలిసి నడిపించే రకం కూడా ఉంది. దాంతో పాతది పోతుందనుకున్నారంతా. పోలేదు. 2023లో క్రిస్టాను డీజిలుతో మళ్ళీ అమ్మకానికి పెట్టారు. రెండూ ఒకే షోరూములో పక్కపక్కన నిలబడ్డాయి. హైక్రాస్‌లో ఆ బ్యాటరీ రకం లీటరుకు ఇరవై మూడు పైన ఇస్తుందని కంపెనీ చెప్తుంది, ఊళ్ళో మెత్తగా పోతుంది. క్రిస్టాకు కింద నిచ్చెన ఛాసిస్, వెనక చక్రాలు తోస్తాయి. ఏడుగురూ సామానూ ఎక్కాక బరువంతా వెనక్కి పడుతుంది, ఆ బరువే వెనక చక్రాలకు పట్టు. రొయ్యల గుంటల గట్టు మీద నానిన మన్నులో, సముద్రం ఒడ్డు ఇసకలో అది కదిలినట్టు ముందు చక్రాల బండి కదలదు. మా వైపు పెద్ద రైతులు కొందరు ఈ లెక్కతోనే క్రిస్టాను పట్టుకుని వేలాడుతుండారు. వాళ్ళను వెనకబడ్డవాళ్ళని నేననను, వాళ్ళ దారి వాళ్ళకు తెలుసు. స్కార్పియో క్లాసిక్‌నీ స్కార్పియో ఎన్‌నీ పక్కపక్కన పెట్టి అడిగేవాళ్ళకు మాత్రం ఎన్ అనే చెప్తాను. పేరొకటే గానీ రెండోదాని కింద ఛాసిస్సూ పైన బాడీ కూడా పూర్తిగా కొత్తవి, 2022లో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. ముఖం మగతనంగా ఉందని క్లాసిక్ కొనే కుర్రాళ్ళను చూస్తే నాకు దిగులేస్తుంది.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకు ఇంకొక్క మాట. జువ్వలదిన్నెలో ఇప్పుడు ఫిషింగ్ హార్బరు కట్టారు. దాదాపు 289 కోట్ల పని. ఐసు లారీలూ చేపల ట్రాలీలూ ఇక పెరిగేవే తప్ప తగ్గేవి కావు. వాటినుంచి ఉప్పునీళ్ళు రోడ్డంతా కారుతుంటాయి. దానికి తోడు ఉప్పుగాలి. పాత మోడలైనా కొత్త మోడలైనా కారు కింద తుప్పుకు తేడా తెలీదు. సైలెన్సరు పైపు, చక్రాల వెనక మడతలు, తలుపుల అడుగున నీళ్ళు కారే సన్న చిల్లులు, ఇక్కడ మొదలవుతుంది. పైన పాలిష్ కొట్టించేవాళ్ళంతా కింద మంచినీళ్ళతో కడిగించరు. బోరునీళ్ళు ఉప్పగా ఉండే పాలెంలో అయితే ఆ నీళ్ళతో కడిగి ఇంకా చెరుపు చేసుకుంటారు. తగ్గింపు కోసం గంటసేపు బేరమాడేవాళ్ళు అండర్ కోటింగు గురించి ఒక్క ముక్క అడగరు. అడగండి.

మావాడు చివరికి కొత్తదే బుక్ చేశాడు. సన్‌రూఫ్ ఉన్నదాని మీద కోడలు పిల్ల మనసు పడింది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు పైకప్పు తెరిచేదెవరమ్మా, పిల్లలు అందులోంచి తల బయట పెడితే ప్రమాదం కూడా అని నచ్చజెప్పా. ఆరు సంచులూ అడుగు రకంలోనే ఉన్నాయి కదా, నడిమి రకం చాలన్నారు. కొండ బిట్రగుంట వెంకటేశ్వరస్వామి దగ్గర పూజ చేయించారు. వెనక సీటు బెల్టు పెట్టుకోనని మొండికేసిన మా అక్కను ఒప్పించడం మాత్రం ఇంకో పెద్ద కథ. బెల్టు లేకుండా ఆరు సంచులున్నా మనిషి సీట్లో నిలవదు, ఆ మాట ఆమెకు పదిసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇందులో నా మనసుకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఒకటి మీతో చెప్పాలి. కొత్త డిజైరు వచ్చాక పాత బాడీ పోయిందనుకున్నాం కదా, పోలేదు. టూర్ ఎస్ అనే పేరుతో బాడుగ కార్లవాళ్ళకు అదే పాత బాడీ అమ్ముతూ వచ్చారు. 2025 జూన్‌లో గానీ కొత్త బాడీతో, ఆరు సంచులతో టూర్ ఎస్ రాలేదు. 6.79 లక్షలకు ఇచ్చారు, సొంతానికి కొనే కొత్త డిజైరు మొదలైన ధరా అంతే. ఆ ఏడు నెలలూ ఏమనాలి? సొంత కారువాడు ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు తిరిగితే బాడుగ డ్రైవరు అంత దూరం రెండు మూడు నెలల్లో తిరుగుతాడు. రాత్రుళ్ళు నిద్ర ఆపుకుని తిరుగుతాడు. రోడ్డు మీద అందరికంటే ఎక్కువసేపు ఉండే మనిషికి, వాడి వెనక కూర్చునే మనకు, గట్టి బాడీ ముందు రావాలా, ఆఖర్న రావాలా? 2012లో కూడా పాత డిజైరును టాక్సీలకు మళ్ళించారు. దేశమంతటా అదే ఆనవాయితీ. ధర తక్కువ గదా అని డ్రైవరు సర్దుకుంటాడు, బాడుగ తక్కువ గదా అని మనమూ సర్దుకుంటాం. ఈ ఆనవాయితీ మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నా.

ఆ ఏడు నెలల్లో కొన్న పాత బాడీ బండ్లు ఇంకో ఎనిమిది తొమ్మిదేళ్ళు మన హైవే మీదే తిరుగుతాయి. ఈసారి తెల్లవారుజామున చెన్నై ఎయిర్‌పోర్టుకు బాడుగ మాట్లాడుకునేటప్పుడు, ఏసీ ఉందా అని అడిగే నోటితోనే సంచులెన్ని అని కూడా అడగండి. రెండే ఉన్న బండి వస్తే డ్రైవరుకు టీ తాగించి, ఎనభై దాటొద్దన్నా అని ముందే చెప్పి ఎక్కండి. ఒక గంట ముందు బయల్దేరితే సరిపోతుంది.